విదేశంలో అరెస్టయితే: 36వ అధికరణం ఇచ్చే హక్కు, అది చిక్కుపడే చోట్లు

దేశాలను అదుపు చేసే పోలీసులు లేనప్పుడు అంతర్జాతీయ చట్టం ఉండి ఏం లాభం అని అడిగేవాళ్ళు చాలామంది. సిద్ధాంతాలతో జవాబు చెప్పబోతే తెల్లవారుతుంది. ఒక్క అధికరణాన్ని పట్టుకుని, అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూస్తే విషయం తొందరగా తెలుస్తుంది. అందుకు నేను ఎంచుకున్నది 1963 ఏప్రిల్ 24న వియన్నాలో కుదిరిన కాన్సులర్ సంబంధాల ఒడంబడికలోని 36వ అధికరణం. పరాయి దేశంలో పట్టుబడిన మనిషికీ, అతని సొంత దేశపు కాన్సులేట్‌కీ (అక్కడ తమ పౌరుల మంచిచెడ్డలు చూసే ప్రభుత్వ కార్యాలయానికీ) మధ్య దారి మూసుకుపోకుండా చూడటం దాని పని. పత్రికల్లో 'కాన్సులర్ యాక్సెస్' అని రాసేది దీన్నే.

180కి పైగా దేశాలు ఈ ఒడంబడికలో ఉన్నాయి. భారత్ 1977 నవంబరులో చేరింది. అమెరికా, పాకిస్తాన్, ఆరు గల్ఫ్ దేశాలు కూడా సభ్యులే. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్ళిన కూలీకి, గుంటూరు నుంచి టెక్సస్ వెళ్ళిన విద్యార్థికి, శ్రీకాకుళం నుంచి వెళ్ళి గుజరాత్ బోట్ల మీద వేట చేస్తూ పాకిస్తాన్‌కు పట్టుబడే మత్స్యకారుడికి ఇది ఒకేలా వర్తిస్తుంది.

అధికరణం ఏం చెబుతోందో ముందు చూద్దాం. అరెస్టు చేసిన అధికారులు ఆ మనిషికి "మీ కాన్సులేట్‌కు తెలియజేయమని కోరే హక్కు మీకుంది" అని ఆలస్యం లేకుండా చెప్పాలి. అతను కోరితే కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా కబురు పంపాలి. అతను రాసిన ఉత్తరం ఉంటే దాన్నీ అలాగే చేర్చాలి. కాన్సులేట్ అధికారులకు జైలుకెళ్ళి అతన్ని కలిసే హక్కు, మాట్లాడే హక్కు, లాయర్‌ను ఏర్పాటు చేసే హక్కు ఉంటాయి. ఇవన్నీ స్థానిక చట్టాల ప్రకారమే జరగాలి. అయితే ఆ స్థానిక చట్టాలు ఈ హక్కులకు పూర్తి ఫలం దక్కనివ్వాలి. సందర్శన వేళలు, ముందస్తు అనుమతులు పెట్టుకోవచ్చు కానీ వాటిని అడ్డం పెట్టుకుని కలవనివ్వకుండా చేయకూడదు.

'అరెస్టు' అంటే క్రిమినల్ కేసు ఒక్కటే అనుకోకూడదు. "మరే విధంగా నిర్బంధించినా" అనే మాట అధికరణంలోనే ఉంది. వీసా గడువు దాటి ఇమ్మిగ్రేషన్ డిటెన్షన్‌లో ఉన్నవాళ్ళకు, అకామా (గల్ఫ్‌లో నివాస అనుమతి కార్డు) లేక డిపోర్టేషన్ సెంటర్‌లో ఉన్నవాళ్ళకు ఇదే హక్కు ఉంది. కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) దగ్గర్నుంచి పారిపోయి 'ఖల్లివెల్లి'గా, అంటే పత్రాలు లేకుండా బతుకుతూ దొరికిపోయిన కార్మికుడికీ ఉంది. పత్రాలు సరిగా లేవు కదా, ఎంబసీని అడిగే మొహం ఎక్కడిది అనుకుని ఊరుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. పత్రాలు ఉన్నాయా లేవా అనే దాంతో ఈ హక్కుకు సంబంధం లేదు. భారత పౌరుడైతే చాలు.

అసలు చిక్కు 'అతను కోరితే' అన్న మాట దగ్గర వస్తుంది. ఎవరు పట్టుబడినా కాన్సులేట్‌కు కబురు దానంతటదే వెళ్ళిపోతుందని మనవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది. అది నిజం కాదు. కొన్ని దేశాలు విడిగా ద్వైపాక్షిక ఒప్పందాలు చేసుకుని, కోరినా కోరకపోయినా తెలియజేయాలనే నియమం పెట్టుకున్నాయి. అమెరికాకు చైనాతో, బ్రిటన్‌తో అలాంటి ఏర్పాటు ఉంది. భారత్‌తో లేదు. అంటే అమెరికాలో తెలుగు విద్యార్థి అరెస్టయితే పోలీసులు అతనికి హక్కు గురించి చెప్పాలి, అంతవరకే. "మా కాన్సులేట్‌కు చెప్పండి" అని అతని నోటి వెంట మాట రాకపోతే హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో ఉన్న కాన్సులేట్‌కు విషయమే తెలియదు. ఊళ్ళో పరువు పోతుందనో, వీసాకు ముప్పు వస్తుందనో చాలామంది వద్దనేస్తారు. ఇక్కడ రెండు సంగతులు కలిపేస్తున్నారు. కాన్సులేట్‌కు చెప్పడం వేరు, ఇంట్లోవాళ్ళకు చెప్పడం వేరు. కాన్సులేట్‌కు చెప్పినంత మాత్రాన వీసా కేసులో నష్టమేమీ జరగదు.

2019 జనవరి చివర్లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళు వేర్వేరు రాష్ట్రాల్లోని డిటెన్షన్ సెంటర్లలో చెదిరిపోయి ఉన్నారు. భారత విదేశాంగ శాఖ ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి అధికారికంగా నిరసన పత్రం ఇచ్చి, తక్షణం కాన్సులర్ యాక్సెస్ కావాలని కోరింది. వాషింగ్టన్‌లోని మన ఎంబసీ 24 గంటల హెల్ప్‌లైన్ తెరిచింది. కాన్సులేట్ల అధికారులు సెంటర్లకు వెళ్ళి విద్యార్థులను కలిశారు. భారత్ ఇదంతా అడిగింది 36వ అధికరణం ఆధారంతోనే, అమెరికా దయతలచి ఇచ్చిందేమీ లేదు. అయితే ఆ అధికరణం వాళ్ళ వీసా కేసుల్ని గెలిపించలేకపోయింది. గెలిపించడం దాని పని కూడా కాదు.

ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. కాన్సులేట్ అధికారి జైలుకొచ్చి చూడగలరు, కొట్టారా, మందులు ఇస్తున్నారా, దుబాసీ ఉన్నాడా అని అడగగలరు, లాయర్ల జాబితా ఇవ్వగలరు, ఇంటికి కబురు చేయగలరు, పాస్‌పోర్టు లేకపోతే ఇంటికి రావడానికి ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం ఇవ్వగలరు. బెయిలు ఇప్పించలేరు. కోర్టులో లాయర్‌గా వాదించలేరు. జడ్జికి ఫోన్ చేసి చెప్పలేరు. ఆతిథ్య దేశపు అంతర్గత వ్యవహారాల్లో తలదూర్చకూడదని అదే ఒడంబడికలో 55వ అధికరణం కట్టడి చేస్తోంది. "ఎంబసీ వాళ్ళు ఏమీ చేయలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని నిజమే. కొన్ని మాత్రం వాళ్ళు చేయడానికి వీల్లేని పనిని ఆశించడం వల్ల పుట్టినవి.

లాయర్ హక్కు, కాన్సులేట్ హక్కు రెండూ వేర్వేరు. అమెరికాలో ఇది మరీ ముఖ్యం. కాన్సులేట్ హక్కు గురించి చెప్పకుండానే పోలీసులు వాంగ్మూలం తీసుకుంటే, ఆ ఒక్క కారణంతో వాంగ్మూలాన్ని కేసులోంచి తీసేయనక్కర్లేదని అమెరికా సుప్రీంకోర్టు 2006లో ఒరెగన్ రాష్ట్రానికి సంబంధించిన కేసులో తేల్చింది. కాబట్టి అడగాల్సినవి రెండు: లాయర్ వచ్చేదాకా మాట్లాడను, మా కాన్సులేట్‌కు తెలియజేయండి. రెండూ స్పష్టంగా చెప్పాలి, అడిగిన సమయం, ఎవరిని అడిగారో గుర్తుంచుకుని లాయర్‌కు చెప్పాలి. పోలీసులు ఆలస్యం చేశారని తర్వాత చూపించాలంటే ఆ సమయమే ఆధారం.

'ఆలస్యం లేకుండా' అంటే ఎంతసేపు? ఒడంబడికలో గంటల లెక్క లేదు. 2004 మార్చి 31న మెక్సికో, అమెరికాల మధ్య ఆవేనా కేసులో, దేశాల మధ్య తగువులు తీర్చే అంతర్జాతీయ న్యాయస్థానం దీన్ని వివరించింది. అరెస్టయిన క్షణంలోనే చెప్పి తీరాలని లేదు. పట్టుబడ్డవాడు విదేశీయుడని తెలిసిన వెంటనే, లేదా అలా అనుకోవడానికి ఆధారం కనబడిన వెంటనే చెప్పాలి. మాటనుబట్టి, జేబులో ఉన్న కార్డునుబట్టి విదేశీయుడని తెలుస్తుంటే పోలీసులు తెలియనట్టు ఉండటానికి వీల్లేదు.

పౌరసత్వం దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇంకా భారత పౌరులే, వాళ్ళకు భారత కాన్సులేటే దిక్కు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న తెలుగువారు దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో అరెస్టయితే అమెరికా కాన్సులేట్‌కు వెళ్ళాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు భారత పౌరసత్వం కాదు కాబట్టి మన ఎంబసీకి ఆ మనిషి తరఫున 36వ అధికరణం కింద అడిగే హక్కే లేదు.

ఇక ఈ హక్కును ఒక దేశం కాలరాస్తే ఏమవుతుంది? గూఢచారి అంటూ పాకిస్తాన్ అరెస్టు చేసిన భారత నౌకాదళ మాజీ అధికారి కుల్‌భూషణ్ జాదవ్ కేసు ఇందుకు మంచి పాఠం. 

2016 మార్చి 3న పట్టుకున్నామని పాకిస్తాన్ చెప్పింది. భారత్‌కు తెలియజేసింది మార్చి 25న. 2017 ఏప్రిల్ 10న సైనిక కోర్టు మరణశిక్ష విధించినట్టు ప్రకటించింది. ఈ మధ్యలో భారత్ ఎన్నిసార్లు అడిగినా కలవనివ్వలేదు. 2017 మే 8న భారత్ ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది. మే 18న మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి, తుది తీర్పు దాకా ఉరి తీయొద్దని.

అసలు ఆ కోర్టులోకి వెళ్ళడమే కష్టం. రెండు దేశాలూ ఒప్పుకుంటే తప్ప అది కేసు వినదు. 1999 ఆగస్టులో కచ్ ప్రాంతంలో తమ విమానాన్ని భారత్ కూల్చిందని పాకిస్తాన్ అదే కోర్టుకు వెళ్ళింది. కామన్‌వెల్త్ దేశాలతో వివాదాలను మినహాయిస్తూ భారత్ అప్పటికే ప్రకటన ఇచ్చి ఉంది. ఆ కారణంతోనే 2000 జూన్ 21న ఆ కేసు వీగిపోయింది. అదే మినహాయింపు ఉండగా భారత్ పాకిస్తాన్ మీద ఎలా వెళ్ళింది? వియన్నా ఒడంబడికకు తోడుగా ఒక ఐచ్ఛిక ప్రోటోకాల్ ఉంది. ఒడంబడిక మీద తగువు వస్తే అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళవచ్చని అందులో చేరిన దేశాలు ముందే ఒప్పుకుంటాయి. భారత్, పాకిస్తాన్ రెండూ అందులో ఉన్నాయి. ఆ సన్నని సందులోంచే భారత్ లోపలికి వెళ్ళింది.

సందు సన్ననిది కావడం వల్ల అడగగలిగినవీ తక్కువే. ఒడంబడికను ఉల్లంఘించారా లేదా అన్నంతవరకే కోర్టుకు అధికారం. సైనిక కోర్టు విచారణ న్యాయంగా జరిగిందా, పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను పాటించారా అన్న ప్రశ్నల్లోకి వెళ్ళడానికి వీల్లేదని కోర్టే చెప్పింది. శిక్ష రద్దు చేసి విడుదల చేయమని భారత్ కోరింది. అది దక్కలేదు.

పాకిస్తాన్ వాదనలు మూడు ముఖ్యమైనవి. గూఢచర్యం చేసినవాడికి 36వ అధికరణం వర్తించదని మొదటిది. ఒడంబడికలో అలాంటి మినహాయింపు ఎక్కడా లేదని కోర్టు తోసిపుచ్చింది. జాదవ్ దగ్గర వేరే పేరుతో పాస్‌పోర్టు ఉంది, భారతీయుడని రుజువు లేదని మరొకటి. రెండు దేశాలూ అతన్ని భారతీయుడిగానే చూశాయి కదా అని కోర్టు తేల్చింది. మూడోది అన్నిటికన్నా పదునైనది: 2008 మే 21న భారత్, పాకిస్తాన్ కాన్సులర్ యాక్సెస్ మీద సొంత ఒప్పందం చేసుకున్నాయి. రాజకీయ, భద్రతా కారణాలతో చేసిన అరెస్టుల్లో కేసునుబట్టి నిర్ణయించుకోవచ్చని అందులో ఉంది. కాబట్టి వియన్నా నియమం పక్కకు పోయిందని వాదించారు. ఒడంబడికలోని 73వ అధికరణం ప్రకారం తర్వాతి ఒప్పందాలు దాన్ని గట్టిపరచాలి, విస్తరించాలి, అంతే తప్ప తగ్గించకూడదని కోర్టు సమాధానం చెప్పింది. నా లెక్కలో ఈ తీర్పులో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. రేపు ఏ దేశం విడి ఒప్పందంతో హక్కును కత్తిరించబోయినా ఈ పేరా అడ్డం నిలుస్తుంది.

2019 జులై 17న తీర్పు ప్రధానాంశాల్లో 15-1తో భారత్ వైపు వచ్చింది. ఆ ఒక్కరూ పాకిస్తాన్ నియమించిన తాత్కాలిక జడ్జి. తెలియజేయడానికి పట్టిన మూడు వారాలు కూడా ఉల్లంఘనే అన్నారు. తీర్పును, శిక్షను పాకిస్తాన్ సమర్థంగా సమీక్షించి పునఃపరిశీలించాలి, అప్పటిదాకా ఉరి నిలిచి ఉండాలి. సెప్టెంబరు 2న మన అధికారి మొదటిసారి జాదవ్‌ను కలిశారు. 2020 జులైలో రెండోసారి కలిసినప్పుడు పాకిస్తాన్ అధికారులు దగ్గరే ఉన్నారు, మాటలు రికార్డు చేస్తున్నారు. స్వేచ్ఛగా మాట్లాడే వీల్లేదని మనవాళ్ళు నిరసన తెలిపి వచ్చేశారు. 2021 నవంబరులో పునఃపరిశీలనకు వీలుగా పాకిస్తాన్ పార్లమెంటు చట్టం చేసింది. మనిషి విడుదల కాలేదు. ఉరీ అమలు కాలేదు. ఇరుగుపొరుగు శత్రుదేశాల మధ్య, పోలీసులు లేని చట్టం సాధించింది అది. దాన్ని తక్కువగా చూడలేను.

మధ్యంతర ఉత్తర్వులకు ఆ బలం ఊరికే రాలేదు. 1999 మార్చి 3న జర్మన్ పౌరుడు వాల్టర్ లాగ్రాండ్ మరణశిక్షను ఆపమని న్యాయస్థానం చెప్పినా అమెరికాలోని అరిజోనా రాష్ట్రం అదే రోజు దాన్ని అమలు చేసింది. అప్పటికి అలాంటి ఉత్తర్వులు పాటించి తీరాలా అన్నది తేలలేదు. జర్మనీ కేసును వదల్లేదు. 2001 జూన్ 27న, ఆ ఉత్తర్వులకు కట్టుబడి ఉండాల్సిందేనని కోర్టు మొదటిసారి స్పష్టం చేసింది. చనిపోయినవాడికి ఉపయోగపడని ఆ తీర్పే 2017లో ఇస్లామాబాద్‌ను ఆపింది.

ఓడిపోయిన కథ కూడా చెప్పాలి. ఆవేనా తీర్పులో, ఈ హక్కు గురించి చెప్పకుండానే అమెరికాలో మరణశిక్ష పడిన 51 మంది మెక్సికన్ల కేసుల్ని పునఃపరిశీలించమని కోర్టు అమెరికాకు చెప్పింది. ఓక్లహోమాలో గవర్నర్ ఒకరి మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు. టెక్సస్ ఒప్పుకోలేదు. అంతర్జాతీయ తీర్పు రాష్ట్ర కోర్టుల్లో నేరుగా అమలు కాదని, అందుకు అమెరికా కాంగ్రెస్ చట్టం చేయాలని 2008లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఏడాది ఆగస్టు 5న వాళ్ళలో ఒకడైన హోసే మెడెయిన్‌కు టెక్సస్ మరణశిక్ష అమలు చేసింది. అంతకుముందే, 2005లో, అమెరికా ఐచ్ఛిక ప్రోటోకాల్ నుంచి తప్పుకుంది. 36వ అధికరణం మాత్రం దాని మీద ఇప్పటికీ ఉంది. అంటే అమెరికా ఉల్లంఘిస్తే దౌత్యపరంగా గట్టిగా అడగవచ్చు, ఈ ప్రోటోకాల్ పట్టుకుని హేగ్‌కు వెళ్ళడానికి మాత్రం దారి లేదు. ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో ఉన్న దేశాలు ఒడంబడికలో ఉన్నవాటిలో మూడో వంతు కూడా లేవు.

2008 ఒప్పందాన్ని జాదవ్ కేసులో పాకిస్తాన్ అడ్డం పెట్టుకుందని దాన్ని చెడ్డ కాగితంగా చూడకూడదు. మన ఉత్తరాంధ్ర మత్స్యకారులకు అదే ఆసరా. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశస్తుల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. అరెస్టు విషయం వెంటనే హైకమిషన్‌కు చెప్పాలి. మూడు నెలల్లోపు కలవనివ్వాలి. పౌరసత్వం ఖాయమై శిక్ష ముగిసిన నెలరోజుల్లో పంపేయాలి.

2018 నవంబరులో వెరావల్ బోట్ల మీద వేటకెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. ఏడాది దాటింది. గుజరాత్‌కూ పాకిస్తాన్‌లోని సింధ్‌కూ మధ్యనున్న సర్ క్రీక్ పాయ దగ్గర సముద్ర సరిహద్దు తేలలేదు కాబట్టి ఎవరు ఎవరి జలాల్లో ఉన్నారన్నదే వివాదం. సముద్ర చట్టం ఒడంబడికలోని 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో (ప్రాదేశిక జలాల అవతల, తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ఉండే సముద్రంలో) చేపల వేట నియమాలు తప్పినందుకు, దేశాల మధ్య విడిగా ఒప్పందం లేనప్పుడు, జైలుశిక్ష వేయకూడదు. తగిన పూచీకత్తు తీసుకుని బోటునీ మనుషుల్నీ త్వరగా వదలాలి. కానీ 12 నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాల్లోకి చొరబడ్డారని కేసు పెడితే ఆ రక్షణ వర్తించదు. మన వైపు పట్టుబడే పాకిస్తాన్ జాలర్ల గతీ ఇదే.

శిక్ష అయిపోయాక కూడా జరిగే ఆలస్యం ఎక్కువగా పౌరసత్వ ధ్రువీకరణలోనే. బోటు యజమాని గుజరాత్‌లో, కుటుంబం ఎచ్చెర్లలోనో భోగాపురంలోనో ఉంటే కాగితాలు రెండు రాష్ట్రాలు తిరగాలి. వేటకు వెళ్ళేముందే ఆధార్, మత్స్యకార గుర్తింపు కార్డు, ఓటరు కార్డు నకళ్ళు ఇంట్లో ఒక సెట్టు ఉంచి, బోటు రిజిస్ట్రేషన్ నంబరు రాసిపెట్టుకుంటే విచారణకొచ్చిన పోలీసులకు ఒక్కరోజులో ఇచ్చేయవచ్చు.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళ కుటుంబాలకూ ఇదే. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా పేజీ, అకామా లేదా సివిల్ ఐడీ నంబరు, కంపెనీ పేరు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు ఇంట్లో ఉండాలి. అరెస్టు కబురు రాగానే ఏ ఊరు, ఏ పోలీస్ స్టేషన్, ఏ తేదీ, కేసు నంబరు ఏమిటి అన్నవి తోటి కార్మికుల్ని అడిగి రాబట్టాలి. విదేశాంగ శాఖ నడిపే 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే నేరుగా ఆ దేశంలోని ఎంబసీకి వెళ్తుంది, నంబరు వస్తుంది, కదలిక చూసుకోవచ్చు. పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరు ముందూ వెనకా అయిందంటే అరబ్బీలోకి మారిన పేరుతో పోలక జైలు రికార్డులో మనిషి దొరకడు. లాయర్ ఖర్చు భరించలేని కుటుంబాలు భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి సాయం కోరవచ్చు. 2009లో పెట్టిన ఆ నిధి ఎంబసీల చేతిలోనే ఉంటుంది. అడిగితేనే పరిశీలిస్తారు.

శిక్ష పడిపోయాక మిగిలే దారి ఖైదీల బదిలీ. 2003 నాటి ఖైదీల స్వదేశ ప్రత్యర్పణ చట్టం కింద, ఒప్పందం ఉన్న దేశం నుంచి మనవాడిని మిగతా శిక్ష ఇక్కడి జైల్లో గడిపేలా తెచ్చుకోవచ్చు. సౌదీతో 2010లో, యూఏఈతో 2011లో ఒప్పందాలు కుదిరాయి. తీర్పు అంతిమం కావాలి, అప్పీలు పెండింగులో ఉండకూడదు. సాధారణంగా కనీసం ఆరు నెలల శిక్ష మిగిలి ఉండాలి. మరణశిక్ష పడ్డవాళ్ళకు వర్తించదు. రెండు ప్రభుత్వాలూ, ఖైదీ కూడా ఒప్పుకోవాలి. కొందరు ఖైదీలే వద్దంటారు. రంజాన్‌కో జాతీయ దినోత్సవానికో అక్కడ ఇచ్చే క్షమాభిక్షలో పేరు వస్తే పూర్తిగా బయటపడవచ్చని వాళ్ళ ఆశ. ఇక్కడికొస్తే మిగిలిన శిక్ష లెక్కప్రకారం గడపాలి. ఏ దారి మంచిదో నేరాన్నిబట్టి, మిగిలిన కాలాన్నిబట్టి మారుతుంది కాబట్టి దరఖాస్తు మీద సంతకం పెట్టేముందు కాన్సులేట్ అధికారిని రెండు లెక్కలూ అడగాలి: అక్కడ క్షమాభిక్షకు ఈ నేరం అర్హమేనా, బదిలీ అయితే ఎన్ని నెలలు మిగులుతాయి.